తుప్పు వదలని పెంక

మూడో రోజు కూడా పెంక మీద తుప్పు తేలింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అటక మీద గోనెసంచిలో దొరికిన పాత పోత ఇనుప పెంక అది. దాని మీద జొన్నరొట్టెలు చేద్దామని ఇటుకపొడి, చింతపండు, ఉప్పు వేసి రోజూ చేతులు మండేదాకా రుద్దుతున్నాను. తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి పెడుతున్నాను. తెల్లారేసరికి మళ్లీ ఎర్రగా మొదటికే వస్తోంది.

"గది ఇగ పనికిరాదు బిడ్డా. పాత ఇనుపసామానోనికి ఎయ్" అంది మా అత్త భద్రమ్మ. ఆ మాట అనడం ఇది మూడోసారి.

"గీ పెంకతోని నాకు పంతం పడ్డది అత్తమ్మా. ఇయ్యాల అదన్నా ఉండాలె, నేనన్నా ఉండాలె!"

ఆ కోపంలో, రెండు రోజులుగా పట్టించుకోని పిడిని కూడా పట్టి రుద్దాను. తుప్పు కింద నుంచి ఉలితో కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. పర్వతాలు.

మా అత్త తోటికోడలి పేరు అది. వేరుపడ్డప్పుడు ఆమె పెంక పోయింది. "నేను సూడనే లేదు" అని మా అత్త మైసమ్మ మీద ఒట్టేసింది. పన్నెండేళ్లుగా రెండిళ్ల మధ్య మాటల్లేవు.

తలెత్తి చూస్తే అత్త నా పక్కనే నిలబడి ఉంది.

"పొద్దంత నువ్వు రుద్దుడు, రాత్రి నేను సబ్బునీళ్లల్ల ముంచుడు. మూడొద్దుల సంది గిదే పని" అంది, అక్షరాల మీద నుంచి చూపు తిప్పకుండా. "ఇగ నాతోని గాదు. నువ్వే పోయి ఇచ్చిరా బిడ్డా. ఆ గడప తొక్కే మొకం నాకు లేదు."