ఏసమ్మగారి సోలార్ పలక

"మళ్లీ ఆరిపోయింది బాబూ!"

ఏసమ్మగారి వరండాలో ట్యూబ్‌లైటు రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. కింద నిలబడ్డ మణిశంకర్ తల పట్టుకున్నాడు. కొత్త బ్యాటరీ పెట్టింది మొన్ననే.

అది 2003 వేసవి. సాయంత్రం ఆరు దాటితే ఊళ్లన్నీ ఒక్కసారిగా స్విచ్చులు నొక్కుతాయి, కరెంటు చాలదు, మూడు గంటలు కోత పెడతారు. ఆ మూడు గంటలూ పగటి ఎండను దాచుకుని వాడుకోమని, రావులపాలెం దగ్గరి ఈ వీధిలో ఇంటింటికీ డాబా మీద సోలార్ పలక బిగించారు. బాధ్యత మణిశంకర్‌ది. ఇది నెగ్గితే జిల్లా అంతా పెడతారు, అతని టెంపరరీ ఉద్యోగం పర్మనెంటవుతుంది. రేపు హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు శశిభూషణ్ గారు చూడ్డానికి వస్తున్నారు.

మిగతా ఇళ్లలో దీపాలు లక్షణంగా వెలుగుతున్నాయి. వాళ్ల పలకల నిండా దుమ్ము, కాకిరెట్టలు. రిటైరైన టీచరు ఏసమ్మగారి పలకేమో తళతళలాడుతోంది. మణిశంకర్ డాబా ఎక్కి టార్చి వేసి చూశాడు. అంచు వెంట చీమల బారు తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు.

"రోజూ తుడుస్తున్నారా అమ్మగారూ?"

"పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి. గవర్నమెంటు వాళ్లు నమ్మి ఇచ్చింది, పాడు చేస్తామా?"

చీమలు వైరు కొరికేశాయేమోనని అతను వైరు కూడా మార్చాడు. దిగివచ్చేసరికి ఏసమ్మగారు ప్లేటులో మామిడి తాండ్ర పెట్టి ఉంచారు.

"తినండి బాబూ. ఏటా ఆరడానికి వారం పట్టేది. ఈ ఏడు పొద్దున పోస్తే సాయంత్రానికి రేకు లేచొస్తోంది. మీరొచ్చిన వేళా విశేషం!"



మర్నాడు సాయంత్రం శశిభూషణ్ గారిని పక్కింటికి తీసుకెళ్లాలని అతను శతవిధాలా ప్రయత్నించాడు. ఆయన వింటేనా! రోడ్డు మీద నుంచే మెరిసే పలకను చూసి, తిన్నగా ఏసమ్మగారి ఇంట్లోకి నడిచారు.

ఆరింటికి మెయిన్ ఆపారు. లైటు మినుకుమంది, ఆరిపోయింది.

"పక్కిళ్లు చూడండి సార్, అన్నీ వెలుగుతున్నాయి..."

"ఎందుకయ్యా? ఇంత శుభ్రంగా చూసుకునే ఇంట్లోనే ఆరిపోతే, ఆ దుమ్ములో ఉన్నవి ఎన్నాళ్లుంటాయి? రేపే అన్నీ విప్పించెయ్. నువ్వు కూడా ఇంక రానక్కర్లేదు."



"ఆ బాబు తప్పేం లేదండీ, రోజూ వచ్చి చూస్తూనే ఉన్నాడు" అన్నారు ఏసమ్మగారు కళ్లొత్తుకుంటూ. శశిభూషణ్ గారు వినిపించుకోకుండా వెళ్లి జీపెక్కారు. అయినా గడప తొక్కిన మనిషిని ఒట్టి చేతులతో పంపడం ఆవిడకు చేతకాదు. తాండ్ర పొట్లం కట్టి జీపు దాకా తెచ్చారు.

ఆయన ఓ ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు. ముఖం కాస్త మెత్తబడింది. ఇంకో ముక్క తీసి జీపులో లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశారు.

"మాదీ ఈ వైపేనమ్మా, అమలాపురం. మా అమ్మ చేసే తాండ్ర మీద చాప గీతలు పడేవి. ఇదేంటి, ఇంత నున్నగా ఉంది?"

ఏసమ్మగారు మురిసిపోతూ డాబా వైపు చెయ్యి చూపించారు.

"చాపెందుకండీ, మీరిచ్చిన పలకుండగా!"