ఆకు వెనక కందిరీగ

మిరప సాళ్ల నడుమ ఎవరో మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు.

రాజక్క గట్టు మీదే ఆగిపోయింది. చేతిలోని సద్దిగిన్నె జారబోతే కడుపుకు అదుముకుంది.

ఆ మనిషిది వాళ్ల ఊరు కాదు. ఒక్కో ఆకూ తిరగేసి, దానితో ఏదో చెప్పుకుంటున్నట్టు పెదాలు కదుపుతున్నాడు. పక్కన రేకుడబ్బా, దాని మూతికి పలచని గుడ్డ. గుడ్డ విప్పగానే పొగలాగా ఏవో లేచి మొక్కల్లోకి పోయాయి.

"ఎవలు నువ్వు?" అంది రాజక్క.

"సర్కారు యవసాయ ఫారంల పనిచేస్త చెల్లె. అక్కడ అద్దాల ఇల్లున్నది, అండ్ల పెంచిన కందిరీగలివి. ఆకు రసం పీల్చే పేనుబంక సంగతి ఇవే చూసుకుంటయ్. జర మందు మాత్రం కొట్టకుండ్రి."

అంతే. డబ్బా చంకన పెట్టుకుని వర్ధన్నపేట రోడ్డు వైపు నడిచిపోయాడు.

పురుగుల్ని చంపేవాళ్లను చూసింది గాని, పురుగుల్ని తెచ్చి చేనులో వదిలేవాణ్ని రాజక్క బుద్ధెరిగాక చూడలేదు. అసలే ఆమె ప్రాణం ఆమెలో లేదాయె.

మందుడబ్బాలు ఊళ్లకు కొత్తగా వచ్చిన రోజులవి. ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మని చెప్పినవాళ్లు లేరు, చెప్పినా ఆ ఎండలో కట్టుకునేవాళ్లు లేరు. చేత్తోనే కలిపేవాళ్లు, ఆ చేత్తోనే సద్ది తినేవాళ్లు. రాజక్క మొగుడు ఉప్పలయ్య పోయినేడు మందు కొడుతూ కొడుతూ చేనులోనే పడిపోయాడు. దవాఖాన నుంచి మనిషైతే ఇంటికొచ్చాడు గాని, అప్పట్నుంచీ దగ్గు, ఆయాసం. ఒళ్లు కొవ్వొత్తిలా కరిగిపోతోంది. ఇంకోసారి ఆ మందు పీలిస్తే మనిషి దక్కడని డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు.

మందు కొట్టకపోతే మిరప దక్కదు. మిరప దక్కకపోతే ఇల్లు గడవదు. ఆమె భయం ఎంతటిదో ఆ పోచమ్మ తల్లికే తెలియాలి.

కొన్నాళ్లకు ఒక ఆకు తిప్పి చూసిందామె. పచ్చగా, జిగటగా గుంపులు కట్టి ఉండాల్సిన పేనుబంక అక్కడక్కడ ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, ఆకుకు అంటుకుపోయి ఉంది. కొన్నింటి వీపున సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు. ఆమె చూస్తుండగానే ఒక చిల్లులోంచి చీమకన్నా చిన్న రెక్కలపురుగు ఒళ్లు విదిలించుకుంటూ బయటికొచ్చింది. మిగిలినదాన్ని వేలితో నొక్కితే వట్టి పెంకు.

లోపలుండి తిని, డొల్ల చేసి, బయటికొస్తోంది.

రాజక్కకు ఉప్పలయ్య పక్కటెముకలు కళ్లలో మెదిలాయి.

పక్క చేను కట్టమ్మను పిలిచింది. కట్టమ్మ మొదట నవ్వులాటకే తీసుకుంది. "నీ తలల ఉన్న పేన్లు సాలవానె, చేన్ల గూడ ఇడిసిపోతాండ్రా?" అంది. ఆకు చూశాక ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇది బాణామతే రాజక్కా. నీ మొగణ్ని లోపలుండి తింటున్నది గూడ గిసొంటిదే."

ఉప్పలయ్యకు మాత్రం ఎవరూ చెప్పలేదు. వింటే ఆ బెదురుకే పోతాడని.

ఆ మనిషి మళ్లీ డబ్బాతో వచ్చేసరికి ఆడవాళ్లంతా గట్టు మీద కాచుకుని ఉన్నారు. అతడేదో చెప్పబోయాడు, చెప్పనియ్యలేదు. మొదటి మట్టిపెడ్డ రాజక్కే విసిరింది. డబ్బా కిందపడింది. దాన్ని అందుకోవడానికి వంగితే ఇంకో పెడ్డ వీపున తగిలింది.

"నీ కాళ్లు మొక్కుత," అంది రాజక్క. "మా ఇంటాయన్ను ఇడిసిపెట్టు."

అతడు ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"ఆకులు మాత్రం తెంపకు చెల్లె," అన్నాడు.

ఆ మాటకే ఆమె మరింత హడలిపోయింది. ఆకుల మీద అతనికంత ఆశ ఎందుకు? అతడటు పోగానే రాజక్క చేనులో పెంకులున్న ఆకు కనపడితే చాలు తెంపి, కుప్ప పోసి, వేపమండలు వేసి కాల్చేశారు.

కొద్దిరోజులకే పేనుబంక చేనంతా కమ్మింది. ఆకులు ముడుచుకుపోయాయి. ఉప్పలయ్య కట్టె పట్టుకుని వచ్చి, చూసి, గట్టు మీద కూలబడ్డాడు.

"రేపు పొద్దుగాల మందు కొడ్త," అన్నాడు.

రాజక్క ఎంత ఏడ్చినా వినలేదు. పంట పోతే మాత్రం బతుకుతామా అన్నాడు.

అప్పుడు పడింది ఆమె చూపు కట్టమ్మ చేను మీద. ఈ గట్టును ఆనుకుని ఉన్న సాళ్లు, ఎవరూ ఆకు తెంపని సాళ్లు, నిగనిగలాడుతున్నాయి. పరుగున పోయి ఆకు తిప్పింది. అన్నీ చిల్లులు పడ్డ పెంకులే. బతికున్న పేనుబంక ఒక్కటి లేదు.

ఉన్నపళాన బస్సెక్కింది.

ఫారం వెనక అద్దాల ఇంట్లో కుండీల్లో మొక్కలు వాడి వేలాడుతున్నాయి. తెల్లచీర కట్టుకున్న ఒకామె ఖాళీ సీసాలు కడుగుతోంది. రాజక్క ఆనవాలు చెప్పి అడిగితే, ఆ మనిషి పేరు దేవదానమనీ, తాను అతని భార్య సువార్తమ్మననీ చెప్పింది.

"జర ఆయన్ను పిలువు అక్కా. కాళ్ల మీద వడి తీస్కపోత. వర్ధన్నపేట రోడ్డు కాడి మిరపచేను మాది. దగ్గుతోటి ఉన్న మా ఇంటాయన రేపు పొద్దుగాల మందు కొడ్తనంటాండు."

"మొన్న ఆదివారమే మట్టిల పెట్టినం బిడ్డా."

"నేను కొట్టిన దెబ్బకా?" అని అడగలేక అడిగింది రాజక్క.

"దెబ్బలు తిన్నట్టు నాకు చెప్పనేలేదు," అంది సువార్తమ్మ. చేతిలోని సీసా కింద పెట్టింది. "ఏండ్లకేండ్లు ఈ ఫారంల మందు కొట్టిన మనిషే ఆయన, ఆ దగ్గుతోనే పోయిండు. మీ ఇంటాయన ఖాళీ మందుపంపు పక్కకు పెట్టుకొని గట్టు మీద దగ్గుతాంటె బస్సులకెళ్లి చూసి, అది తన దగ్గేనని గుర్తువట్టి, ఆన్నే దిగిండు."