గడియ పడని తలుపు

కమలాక్షమ్మ పెట్టించిన కొత్త తలుపు అన్ని పనులూ చేసేది, మూసుకోవడం తప్ప.

డెబ్బై ఎనిమిది నాటి మాట. నంద్యాలలో ఆమెది రెండు వాటాల ఇల్లు. పక్కవాటాలో ప్రసన్నకుమారి, ఆమె మొగుడు అద్దెకుండేవాళ్లు. ఆ పిల్లకు ఎనిమిదో నెల. పొయ్యి పొగ మంచం దాకా వస్తోందంటే, పోనీలే అని వంటగదికి తలుపు పెట్టించడానికి కమలాక్షమ్మ ఒప్పుకుంది. వడ్రంగి మేస్త్రీ పేరు ప్రసన్నకుమారే చెప్పింది. ఆళ్లగడ్డ శాంతయ్య. మంచి పనిమంతుడట.

ఆ పనిమంతుడు బిగించి పోయిన రోజే తలుపు కింద ఒరుసుకుని, చౌకట్టుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"రాళ్లు చెక్కే ఊరి మనిషిని పిలిపిస్తే ఇంతే" అంది కమలాక్షమ్మ. "విగ్రహం చేయమనుంటే బాగా చేసేటోడేమో."

కబురందగానే శాంతయ్య మొదటి బస్సుకే దిగాడు. చిత్రిక పట్టాడు. తలుపు పడలేదు. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. ఉలితో చౌకట్టు గీకాడు. పడలేదు. అట్లా మూడు వారాల్లో ఏడుసార్లు. ఎన్నిసార్లు పిలిచినా ఆ మనిషికి విసుగూ లేదు, సిగ్గూ లేదు.

పోనీ వచ్చినవాడు పనే చేసేవాడా? నీళ్లబిందెలు కనపడితే ఎత్తుకొచ్చి లోపల పెట్టేవాడు. కట్టెలు చీల్చేవాడు. ప్రసన్నకుమారి రొట్టె పెడితే తలుపుకు ఎదురుగా కూర్చుని, దాన్నే చూస్తూ తినేవాడు.

"పప్పు ఇంకొంచెం వేసేదా?" అని అడిగేది ఆ పిల్ల.

"చాల్లే" అని తలుపుకు జవాబు చెప్పేవాడు.

కమలాక్షమ్మ ఓపిక అయిపోయింది.

"ఏందప్పా శాంతయ్యా, తలుపు చేస్తాండావా, తపస్సు చేస్తాండావా?"

"కొయ్య పచ్చిదమ్మా. ఇంగో రెండు తూర్లు రావాల."

"రాప్పా. ఈ పాప కాన్పయ్యి, బిడ్డ ఆ తలుపు పట్టుకుని నడిచేదాకా వస్తానే ఉండు."

వేరేవాడైతే ఆ మాటకు సంచి సర్దుకుని పోయేవాడు. శాంతయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది. ఇట్లాంటి మొండిఘటాన్ని కమలాక్షమ్మ ఎక్కడా చూడలేదు.

మర్నాడే ఆమె పక్కవీధి నుంచి పెద్దన్న అనే వడ్రంగిని తీసుకొచ్చింది. పెద్దన్న మరలు విప్పాడు. కింది మడతబందు వెనక నుంచి మడిచిన రేకుముక్క ఒకటి రాలిపడింది. మళ్లీ బిగించి తలుపు మూశాడు. గడియ చప్పుడు లేకుండా పడింది.

"పని రాక చేసింది కాదమ్మా ఇది" అన్నాడు పెద్దన్న. "తలుపు పడగూడదనే ఈ రేకు పెట్టినారు."

కమలాక్షమ్మకు ఇంతకన్నా ఏం కావాలి? రేకుముక్క తీసి ప్రసన్నకుమారి ముందు ఆడించింది.

"చూస్తివా నీ పనిమంతుణ్ణి? రొట్టెలకు మరిగినాడు. ఇంగ ఆ శాంతయ్య ఈ ఇంటికి వచ్చే పనే లేదు."

ప్రసన్నకుమారి మూసిన తలుపు గడియ తీసింది. తర్వాత మెల్లగా అంది.

"నన్ను చూసేదానికని ఎప్పటికీ నా గడప తొక్కనని, నేను చెప్పకుండా పెండ్లి చేసుకున్న రోజు ఒట్టు పెట్టుకున్నాడు పెద్దమ్మా, మా నాయన."