నీళ్లు తగిలేదాకా

"నువ్వే ఎగరెయ్యాల బావా," అంటూ స్నేహితుడు అల్తాఫ్ కొత్త రిమోట్ విమానాన్ని తెచ్చి తాతబాబు చేతుల్లో పెట్టాడు.

తాతబాబుకి ఒళ్లు మండిపోయింది. నెల తిరక్కుండానే మళ్లీ ఇదే జాలరిపేట ఒడ్డుకి, మళ్లీ విమానంతో, పైగా నవ్వుకుంటూ వచ్చాడు. సిగ్గనేది ఉంటే కదా.

పోయిన నెల ఇక్కడే, ఒక్క రౌండు తిప్పి ఇచ్చేస్తానని బతిమాలి రిమోట్ పుచ్చుకుని, తాతబాబు విమానాన్ని సముద్రంలో ముంచినవాడు ఈ అల్తాఫే. బ్యాటరీ అయిపోవచ్చింది, దించెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. ఆ విమానం రెక్కని తాతబాబు వాళ్లమ్మ చేపలమ్మిన థర్మకోల్ ఐసు పెట్టె మూతలోంచి కోశాడు. ఆవిడ పోయాక ఇంట్లో మిగిలింది ఆ పెట్టొక్కటే. పడవకి రాసుకున్నట్టు రెక్క అడుగున ఎర్ర రంగుతో ఆవిడ పేరు, "గంగాలమ్మ" అని రాసుకున్నాడు. చోటు చాలక చివరి అక్షరాన్ని మూలకి ఇరికించాడు కూడా. అలాంటిది కెరటాల్లో కలిసిపోతే అల్తాఫ్ అన్నమాట ఒక్కటే. "థర్మకోల్ ముక్కేగా బావా. ఇంకోటి సేసుకుందాం."

ఆ మాట తాతబాబు గొంతులో చేపముల్లులా అడ్డంపడి అలాగే ఉంది. దాన్ని తిరిగి వాడి మొహానే కొట్టాలని నెలంతా చూస్తున్నాడు.

అల్తాఫ్‌కి వన్‌టౌన్‌లో మిక్సీలు బాగుచేసే కొట్టుంది. ఇసుకలో గొంతుక్కూర్చుని విమానం గొప్పలు ఒకటే చెప్పుకుపోతున్నాడు. పాడైపోయిన డ్రోను మోటారు ఊడదీసి పెట్టాడట, వైర్లన్నీ తనే అతికాడట, ఫ్యాను తిరిగితే గదిలో కాగితాలు ఎగిరిపోయాయట. ఈసారి బ్యాటరీ మాత్రం నిండా ఎక్కించి, పదిసార్లు చూసుకున్నాడట. తాతబాబు ఊఁ కొడుతూ విమానాన్ని తిరగేసి చూశాడు. రెక్క పైనంతా నీలం టేపు. అడుగున మాత్రం పాత పేపరు ముక్కొకటి అంటించి ఉంది.

"ఇదేటి?"

"పేరు బావా. కొత్త పడవకి నీళ్లు తగిలేదాకా పేరు సూడకూడదని మీ ఇంటి పద్ధతి కదా, నువ్వే సెప్పావు. అందుకే మైదా జిగురుతో అంటించాను. కిందికి దిగాక నువ్వే నీళ్లు సల్లి తీద్దువుగాని."

తాతబాబు విమానాన్ని విసురుగా తిరగేశాడు. ఆఖరికి తమ ఇంటి పద్ధతి కూడా ఎత్తుకుపోయాడు. ఇంకెవరి పేరుంటుంది, ముద్దుల కూతురు సనోబర్ పేరే ఉంటుంది. తన తల్లిని ముంచినవాడు, వాడి కూతురి పేరు మీద తన చేతనే నీళ్లు చల్లిస్తాడట. ఈమధ్య అల్తాఫ్ తెల్లారకుండానే ఫిషింగ్ హార్బరుకొచ్చి పడవ పడవకీ తిరిగి ఏదో అడుగుతున్నాడని బోటు డ్రైవరు తవిటయ్య చెప్పాడు కూడా. పారేసిన ఐసు పెట్టెల కోసమన్నమాట. ఇంకోటి చేసుకుందాం అన్నవాడు చేసుకున్నాడు, తన కోసం మాత్రం.

"సరే, ఎగరేత్తాను," అన్నాడు తాతబాబు, గొంతులో లేని తీపి తెచ్చుకుని. "నువ్వు వెనక్కెళ్లి రిమోట్ సూసుకో."

పక్కనే ఇసుక మీద కవళ్ల చేపలు ఆరబోసి ఉన్నాయి. పైన గద్దలు చుట్లు కొడుతున్నాయి. పేటలో పుట్టినవాడికి గద్దల సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. అల్తాఫ్ అటు తిరగ్గానే తాతబాబు వంగి, ఇంకా తడారని కవళొకటి తీశాడు. రెక్కని ఒంటికి పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్ల కింద, తెల్లటి పొట్ట పైకి మెరిసేలా దాన్ని దూర్చాడు.

మోటారు జుయ్యిమంది. బలంగా విసిరాడు. విమానం చక్కగా లేచి కెరటాల మీదికి వెళ్లింది. అల్తాఫ్ పండగ చేసుకుంటున్నాడు. తాతబాబు మాత్రం గద్దల వంకే చూస్తున్నాడు.

ఒక గద్ద రెక్కలు ముడిచి జారింది. దాని వెనకే ఇంకోటి. కాళ్లతో చేపనీ రబ్బరు బ్యాండ్లనీ కలిపి ఒక్క గుంజు గుంజింది. రెక్క ఒకవైపు, ఒళ్లు ఒకవైపు అయ్యాయి. మోటారున్న ముక్క బుడుంగున మునిగిపోయింది. రెక్క తేలుతూ కెరటాల అవతల పడింది.

అల్తాఫ్ రిమోటు ఇసుకలో పారేసి, ప్యాంటుతోనే నీళ్లలోకి పరిగెత్తాడు. అతనికి ఈత రాదు. నడుం లోతులోనే కెరటం కొట్టి వెనక్కి పడేసింది.

"నువ్వు ఈదగలవు బావా, తెచ్చిపెట్టు," అన్నాడు దగ్గుతూ. "మోటారు పోతే పోయింది. ఆ రెక్క పోతే మళ్లీ దొరకదు."

తాతబాబు చేతులు కట్టుకుని తడి ఇసుకలో నిలబడ్డాడు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

"థర్మకోల్ ముక్కేగా బావా," అన్నాడు తాపీగా. "ఇంకోటి సేసుకుందాం."

అల్తాఫ్ నీళ్లు కారే మొహం తుడుచుకుని మళ్లీ కెరటాలకి ఎదురెళ్లాడు.

అంతలో పెద్ద కెరటమొకటి రెక్కని ఎత్తి వెల్లకిలా తిప్పింది. మైదా జిగురు కరిగి పేపరు జారిపోయింది. వెనక్కి లాక్కుపోతున్న నీళ్ల మీద ఎర్రటి అక్షరాలు కనబడ్డాయి, చోటు చాలక చివరిదాన్ని మూలకి ఇరికించిన తాతబాబు చేతిరాతలో: గంగాలమ్మ.