ఎత్తని చెయ్యి

"చెయ్యెత్తకండి. ఎవరడిగినా, ఏమడిగినా, చెయ్యి మాత్రం పైకి లేవకూడదు."

బడి గేటు దగ్గర నిలబడి, లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరికీ గుమాస్తా బాబాయి అదే మాట చెబుతున్నాడు. చంకలో గుడ్డసంచీ ఉంది.

నారక్క తలూపింది. మిరప, టమాటా, వంగ నారు పెంచి చుట్టుపక్కల ఊళ్లకు అమ్ముతుంది కాబట్టి ఆమెకు ఆ పేరు. ఉన్నది ఎకరంన్నర మడి, ఒక బావి. ఆ నీళ్లు చెడితే నారు బతకదు, నారు బతక్కపోతే ఇల్లు గడవదు. ఊరి పొలాలను పారిశ్రామిక ప్రాంతంగా మార్చి రసాయనాల ఫ్యాక్టరీ పెడతామని నోటీసు అంటించిన రోజు నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. దాని మీద విచారణ ఇవాళే, ఈ బడిలోనే. ఊరి అభ్యంతరం ఇవాళ రికార్డుకెక్కకపోతే ఇక ఎప్పటికీ ఎక్కదు.

"వద్దనుకున్నప్పుడు వద్దని అరవాలి గానీ, ఈ మూగనోమేమిటి?" అని సణిగింది పక్కనున్న ఆమె అత్త.

బాబాయి నవ్వాడు. "భూముల ఆఫీసులో ముప్పయ్యేళ్లు వాళ్ల పక్కన కూర్చున్నవాణ్ని అక్కయ్యగారూ. వాళ్ల జిత్తులు నాకు తెలీవా? మీరు చేతులెత్తగానే ఫొటో తీసుకుంటారు. ఊరంతా ఒప్పుకుని చెయ్యెత్తిందని పైకి పంపిస్తారు. ఫొటోకి నోరుంటుందా, కాదు మొర్రో అనడానికి?"

అత్త లోపలికి నడిచింది గానీ, ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు.

బాబాయి నారక్క తండ్రికి పినతల్లి కొడుకు. ఉద్యోగం అయిపోయాక రెండు నెలల కిందట ఊళ్లో గది తీసుకున్నాడు. నోటీసు పడ్డ రోజే నారక్క పరుగున వెళ్లి కాళ్లావేళ్లా పడింది. అప్పటినుంచి ఆయన చెప్పడం, ఆమె ఇంటింటికీ చేరవెయ్యడం. వాళ్ల కాగితాల మీద సంతకం పెట్టొద్దు. వాళ్లిచ్చే టీ ముట్టొద్దు. అర్జీలు ఎవరికి వాళ్లు ఇవ్వొద్దు. విడివిడిగా ఇస్తే చెత్తబుట్టలో పడేస్తారు, అన్నీ కట్టగట్టి తనే ఇచ్చి రసీదు రాయించుకుంటాడు. అలా మూడు వందల పన్నెండు అర్జీలు ఆ గుడ్డసంచీలో చేరాయి. ఇవ్వడానికి వెనకాడినవాళ్లకు నారక్క ఒక్కటే చెప్పింది.

"మా బాబాయికి నాదీ పూచీ."

ఉత్త చేతులతో ఎలా అడగడమని ఆయనకు రెండు కట్టల వంగనారు కూడా ఇచ్చింది. పది రోజుల తర్వాత చూస్తే అవి వరండా మూల వాడిపోయి పడి ఉన్నాయి.

"నాటుకోలేదేం బాబాయ్?"

"మీ పని మీదే తిరుగుతున్నానుగా తల్లీ, తీరికేదీ?"

అడిగినందుకు ఆమెకే సిగ్గేసింది.

టెంటు కింద, వేదిక మీద, పొడవాటి బల్ల వెనక నాలుగు కుర్చీలు వేశారు. బాబాయి చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది, కుర్చీల లెక్కతో సహా. అక్కడికెళ్లి చూసొచ్చినట్టు చెప్పాడే అని జనం ముచ్చటపడ్డారు. అధికారి, ఆయన సహాయకురాలు, పోలీసాయన మూడింట్లో కూర్చున్నారు. నాలుగోది ఖాళీ.

"అదెవరిదండీ?" అన్నాడు ముందు వరసలో ఉన్న ఊరి మంగలి.

"కంపెనీ ప్రతినిధిది. వస్తారు" అంది సహాయకురాలు.

"అందాకా నన్ను కూర్చోమంటారా? ఉత్త కుర్చీని చూసి భయపడలేక చస్తున్నాం!"

జనం నవ్వారు. సహాయకురాలు నవ్వలేదు.

రోడ్డు మీద ఒక నల్ల కారు అద్దాలెత్తి ఆగి ఉంది. నారక్క చూపంతా దాని మీదే. దిగనీ, తన బావిలో విషం కలపబోయేవాడి మొహం ఎలా ఉంటుందో చూడాలనుకుంది.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఈ భూముల మార్పిడికి అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి."

వీడియో కెమెరా ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిరిగింది. వందల మంది పిడికిళ్లు బిగించి ఒళ్లో పెట్టుకున్నారు. దగ్గు వచ్చినవాడు కూడా మింగేశాడు.

"మళ్లీ అడుగుతున్నాను. అభ్యంతరం ఉందా, లేదా?"

నారక్క కుడిచెయ్యి దానంతటదే భుజం దాకా లేచింది. గేటు దగ్గర నుంచి బాబాయి చూశాడు. చిన్నపిల్లను వారించినట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి దించేసుకుంది. పక్కన అత్త లేవబోతే మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది.

"వదలవే! అడుగుతుంటే చెప్పకపోవడమేమిటి?"

"బాబాయి చూసుకుంటాడత్తయ్యా."

"ఒక్క చెయ్యీ లేవలేదు" అన్నాడు అధికారి. సహాయకురాలు రాసుకుంది. "రాతపూర్వకంగా ఏమైనా ఉన్నాయా?"

అందరి తలలూ గేటు వైపు తిరిగాయి. నారక్కకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బాబాయి సంచీ పట్టుకుని జనం మధ్య నుంచి నడిచొచ్చాడు. దారిచ్చినవాళ్లు దండాలు పెట్టారు. నారక్కను దాటుతూ ఆమె తల నిమిరాడు.

"రసీదు మరిచిపోకండి!" అని అరిచాడు మంగలి.

రోడ్డు మీద కారు తలుపు తెరుచుకుంది. నారక్క చటుక్కున అటు చూసింది. డ్రైవరు ఒక్కడే దిగి ఒళ్లు విరుచుకున్నాడు. వెనక సీట్లో ఎవరూ లేరు.

ఆమె మళ్లీ వేదిక వైపు తిరిగేసరికి బాబాయి మెట్లెక్కుతున్నాడు. అధికారి లేచి నిలబడ్డాడు. పోలీసాయనా లేచాడు. పెద్దవాడని మర్యాద ఇస్తున్నారు, పరవాలేదు అనుకుంది నారక్క. బాబాయి సంచీ ముడి విప్పలేదు. బల్ల చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు.

నాలుగో కుర్చీలో కూర్చున్నాడు.