మౌనం ఆటలో ఫస్ట్

మౌనం ఆటలో ఆ రోజు కూడా వంశీధరే గెలిచాడు.

మిర్యాలగూడలోని ఆ మాంటిస్సోరి బడిలో పిల్లలంతా చాప మీద కదలకుండా కూర్చోవాలి. రూప టీచర్ పక్క గదిలోంచి ఒక్కొక్కరినీ గుసగుసగా పిలుస్తుంది. పేరు వినబడినవాళ్లు చప్పుడు చేయకుండా లేచి వెళ్లాలి. అందరూ వెళ్లిపోయాక కూడా నాలుగేళ్ల వంశీ కూర్చునే ఉంటాడు.

"పిలిచినా లేవడు. పనిల పడితె లోకాన్నే మరిచిపోతడు. గసొంటి పిల్లల్ని కదిలించొద్దు," అంది రూప టీచర్.

తల్లి అశ్విని పొంగిపోయింది. పోదూ మరి? కాకిపిల్ల కాకికి ముద్దు. పైగా ఈ కాకిపిల్లకు టీచర్ మెప్పు కూడా దొరికింది.

"మాటలే ఇంక రాలేదు మేడం," అంది దిగులుగా.

"వస్తయి. మగపిల్లలకు జర లేటయితది."

అత్తగారిదీ అదే మాట. వంశీ తండ్రి కూడా అయిదేళ్లకు గానీ నోరు విప్పలేదట. విప్పాక మళ్లీ మూయలేదన్నది వేరే సంగతి.

ఆ శనివారం బడిలో సైన్స్ పండుగ. అందరూ రావచ్చని గేటుకు బ్యానర్ కట్టారు. ఒక బల్ల మీద నీళ్లలో మునిగేవీ తేలేవీ, ఇంకోచోట అయస్కాంతాలు, తడిగుడ్డలో మొలకెత్తిన పెసలు. గుమ్మం దగ్గర డప్పు, దాని మీద గుప్పెడు బియ్యం.

రూప టీచర్ డప్పు గట్టిగా కొట్టింది. బియ్యం గింజలు ఎగిరాయి. పిల్లలందరూ ఒక్కసారిగా ఇటు తిరిగి కేరింతలు కొట్టారు.

వంశీ మాత్రం అటు తిరిగి, జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు వంచుకుంటూనే ఉన్నాడు.

"సూసిండ్రా, ఎంత ధ్యానమో," అంది అశ్విని పక్కావిడతో.

గోడవారన నిలబడ్డ ఒక నడివయసు మనిషి కూడా చూసింది. భుజానికి సంచి. ఎవరి తరఫు మనిషో ఎవరికీ తెలియదు. ఆమె తిన్నగా వంశీ వెనక్కి వెళ్లి, చెవి దగ్గర చప్పట్లు కొట్టింది. మళ్లీ కొట్టింది.

తర్వాత వాడి ముందుకొచ్చి కూర్చుని, నీళ్ల గ్లాసు చూపి, బొటనవేలు పెదవులకు ఆనించింది.

వంశీ ఆమె ముఖంలోకి చూసి, తనూ అలాగే చేశాడు.

అశ్విని పరుగున వచ్చి కొడుకును లాక్కుంది.

"ఎవరమ్మ నువ్వు? మా పిల్లగాన్ని ఎందుకు ముడుతున్నవ్?"

ఆమె వాడి చెవి చూపించింది, చెయ్యి అడ్డంగా ఊపింది.

"అడుగుతుంటె పలకవేంది?"

ఆమె గబగబా సంచిలోంచి ఫోన్ తీసి ఏదో నొక్కసాగింది.

"పోరని ఫోటో తీస్తున్నది," అన్నారెవరో.

ఇక చెప్పాలా? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఆ నెలంతా ఫోన్లలో ఒకటే మోత. అశ్విని ఆ ఫోన్‌ను ఒక్క చరుపు చరిచింది. అది కిందపడి పగిలింది. నలుగురూ కలిసి ఆమెను గేటు దాకా నెట్టుకుపోయారు. ఆమె వెనక్కి తిరిగి తిరిగి చెవి చూపిస్తూనే ఉంది.

అశ్విని ఊరుకోలేదు. వీడియో తీసి తల్లుల గ్రూపులో పెట్టింది. 'ఈమెతోని పైలం. పిల్లల్ని ఎత్కపోయే మనిషి.'

సాయంత్రానికి అది మిర్యాలగూడ దాటింది.

"తల్లంటె గట్లుండాలె," అన్నారందరూ.

ఆ తర్వాత వంశీకి మాటిమాటికీ బొటనవేలు నోటి దగ్గర పెట్టుకోవడం అలవాటైంది. చీకుతున్నాడనుకుని అశ్విని ప్రతిసారీ చేతి మీద ఒకటి వేసేది.

దీపావళికి వాడి వెనకే బాంబు పేలింది. పెద్దవాళ్లే అదిరిపడ్డారు. వంశీ చేతిలోని కాకరపువ్వొత్తిని చూసుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

అశ్విని వాడి వెనక్కి వెళ్లి గట్టిగా చప్పట్లు కొట్టింది; వాడు తిరగలేదు.

సూర్యాపేట దవాఖానలో డాక్టర్ పరీక్షలన్నీ చేశాడు.

"బాబుకు రెండు చెవులూ వినపడవమ్మా. పుట్టుకతోనే."

"మిషన్ పెడితె మాటలొస్తయా సార్?"

"చూద్దాం. ముందే వస్తే బాగుండేది. ఈలోపు సైగల భాష నేర్పించండి, వాడి మనసులో మాట వాడు చెప్పుకోవాలి కదా. కోదాడలో ఒక చిన్న బడి ఉంది. నీళ్లు, మట్టి, విత్తనాలు చేతికిచ్చి, వాటితోనే మాటలూ సైన్సూ నేర్పుతారు. ఈ చుట్టుపక్కల అదొక్కటే."

మర్నాడే కోదాడ బస్సెక్కింది. నేరేడుచర్ల దాకా కొడుకు చెవిలో ఏదేదో చెబుతూనే ఉంది. చెప్పి ఏం లాభం? ఇన్నేళ్ల జోలపాటల్లో ఒక్కటీ వాడికి చేరలేదు.

వంశీ ఆమె గడ్డం పట్టి తనవైపు తిప్పుకున్నాడు. బొటనవేలు పెదవులకు ఆనించాడు.

కొట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. సీసా మూత తీసి నీళ్లిచ్చింది. వాడు గటగటా తాగాడు.

దాహమని అన్నిసార్లు అడిగాడు. అన్నిసార్లూ దెబ్బలే వేసింది. అశ్విని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ గేటు దగ్గరి మనిషి మళ్లీ కనబడితే కాళ్ల మీద పడాలనుకుంది.

కోదాడలో బడికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే చిన్న కుర్చీలు, చిన్న జగ్గులు, తట్టల్లో ఎండిపోయిన మొలకలు.

పక్కింటి బక్కమ్మ బయటికొచ్చింది.

"బడి మూసేశారమ్మా."

"ఎందుకు?"

"ఎవరో మిర్యాలగూడ వాళ్లు వీడియో పెట్టారు గదా, టీచరమ్మ పిల్లల్ని ఎత్తుకుపోతదని. ఊరంతా చూశారు. పిల్లల్ని మాన్పించారు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఎటెళ్లిందో పాపం."

అశ్విని మళ్లీ కిటికీలోంచి ఆ చిన్న జగ్గుల్ని చూసింది.

"గట్ల కాదని... ఆమె చెప్పలేదా?"

"ఎట్లా చెప్పుద్దమ్మా, ఆమెకూ పుట్టుచెవుడే. చేతులతో చెప్తానే ఉంది గానీ, ఆ చేతుల మాట తెలిసిన పిల్లల్ని అప్పటికే తీసుకెళ్లిపోయారు."