రాయని పేరు

హెడ్మాస్టరు ఒసోర్బాయ్ కాగితాల కట్టను బల్ల మీద కానిషాయ్ వైపు తోశాడు.

"చూడండి టీచరమ్మా. ‘ఉప్పు టీ’ అంటే మీరేనా?"

ఆమె పై కాగితం చేతిలోకి తీసుకుంది. ఊరివాళ్లంతా ఉండే ఫోను గ్రూపులో ఆరు నెలలుగా ఉప్పు టీ అనే దొంగపేరుతో తను రాసినవన్నీ అచ్చు వేసి ఉన్నాయి. మనుషుల మొహాలు పట్టే కెమెరాలను ప్రతి వీధి మొగలో పెట్టించిన మేయరు ఎసెన్‌కుల్ మీద వేసిన విసుర్లు. వాటి కింద, మేయర్ని వెనకేసుకొచ్చే ‘బూడిద తోడేలు’ జవాబులు.

తోడేలు: "దాచుకునేది లేనివాడికి కెమెరా అంటే భయమెందుకు?"

ఉప్పు టీ: "అయితే మీ పెరట్లో మరుగుదొడ్డి తలుపు ఊడదీసి పెట్టు. దాచుకునేదేముంది?"

తోడేలు: "నీ గొర్రెలు పోయిన రోజున తెలుస్తుందిలే కెమెరా విలువ."

ఉప్పు టీ: "నన్ను రోజూ లెక్కపెడుతున్నారని గొర్రె మురిసిపోయిందట. కత్తి నూరేవాడే లెక్కపెడతాడు, తోడేలా."

"ఇది చదివి నేనూ నవ్వాను," అన్నాడు ఒసోర్బాయ్ గొంతు తగ్గించి. "కానీ ఆ తోడేలే వీటిని తీసుకెళ్లి మేయరు ఆఫీసులో ఇచ్చిందట, మీ అసలు పేరుతో సహా. రేపు పొద్దుటికి మీరు రాజీనామా రాసివ్వాలి. లేకపోతే నన్ను పంపించేస్తారు."

"మావారు పోయాక ఇల్లు నడిచేది నా జీతం మీదే సార్."

"మా ఇల్లు నా జీతం మీద, అమ్మా."

దొంగపేరు సంగతి తెలిసింది ఒక్కరికే. వేరే దేశపు నంబరు తెచ్చి, ఫోను ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టకుండా చేసి ఇచ్చింది కంప్యూటర్ టీచరు బెర్మెత్. కానిషాయ్ నేరుగా ఆమె గదికి వెళ్లి కాగితాలు ముందు పడేసింది.

"ఎంతకి అమ్మావే నన్ను?"

బెర్మెత్ ముందు నవ్వబోయింది. కాగితాలు చూశాక కుర్చీలో కూలబడింది.

"నేనా? పదేళ్లుగా ఒకే గిన్నెలో తింటున్నాం కదే."

"నీకు తప్ప ఎవరికి తెలుసు? తాళం వేసిందీ నువ్వే, తాళంచెవి ఉన్నదీ నీ దగ్గరే."

బెర్మెత్ కాగితాలు దగ్గరికి లాక్కుంది. వేలితో వరుసల వెంబడి చదువుతూ ఒక్కో కాగితమే తిప్పింది. ఐదో కాగితం దగ్గర వేలు ఆగింది.

"తాళం బాగానే ఉంది. తలుపు నువ్వే తీశావు. మేయర్ని ఏమని రాశావు ఇందులో?"

"పెద్ద టోపీ అని."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఎసెన్‌కుల్ అనే రాస్తారు. నేనూ అలాగే రాస్తాను. నువ్వెందుకు రాయలేదు?"

కానిషాయ్ కాగితం మీదికి వంగి చూసింది. ఎసెన్‌కుల్ అనేది పోయిన తన మామగారి పేరు కూడా. కోడలు మామ పేరు పలకదు. పద్దెనిమిదేళ్లుగా నాలుక పలకని పేరును వేళ్లు కూడా రాయలేదు. ఆ సంగతి ఆమెకే ఇప్పటిదాకా తెలియదు.

"ఊళ్లో ఆ పేరు ఇద్దరికే ఉంది," అంది బెర్మెత్. "మేయరా, పెళ్లీ పెటాకులూ లేనివాడు. అతని పేరెత్తకుండా తప్పించుకునే ఆడమనిషి ఆ ఇంట్లో లేదు. ఇక మిగిలింది మీ ఇల్లు. మీ పట్టింపు ఊరికి తెలియనిదా? పింఛను ఆఫీసులో మొగుడి పేరు చెప్పమంటే మీ అత్తగారు వరసలో వెనకున్నామెని పిలిచి చెప్పించలేదూ? మిమ్మల్ని బాగా ఎరిగినవాడెవడో ఇదంతా చదివాడు. నేను కాదు."

"బెర్మెత్..."

"వెళ్లు. నువ్వన్న మాట మాత్రం నేను మరిచిపోను."

దారిలో కానిషాయ్ వీధి మొగ కెమెరా కింద ఆగింది. ఇన్నాళ్లూ దానికి భయపడి తలగుడ్డ ముందుకు లాక్కుని నడిచేది. ఈ రోజు లాక్కోలేదు. తనను పట్టించింది అది కాదు.

ఇంట్లో అత్తగారు సైరాకాన్ బోర్సోక్ చేస్తోంది. సలసల కాగే నూనెలో పిండి ముక్కలు పొంగుతున్నాయి. పండగైతే తప్ప ఆ ఇంట్లో రాని వాసన అది. ఆవిడ ఫోను పిండి డబ్బాకు ఆనించి ఉంది. దాంట్లో రాయడం పోయిన చలికాలం కానిషాయే నేర్పింది. అప్పటి నుంచి ఆవిడ దాన్ని పక్కన పెట్టి ఎరగదు.

"వచ్చావా తల్లీ, కూర్చో. టీ పోస్తాను. నీ మరిదికి ఉద్యోగం వచ్చింది. మేయరు ఆఫీసులో, కెమెరాల గదిలోనట. మూడేళ్లు గుర్రం లేని రౌతులా తిరిగాడు, రేపట్నుంచి కుర్చీలో కూర్చుంటాడు."

"ఎవరిచ్చారమ్మా?"

"పెద్దాయనే పిలిచి ఇచ్చాడు." సైరాకాన్ ఇటు తిరగలేదు. గరిటెతో ముక్కలు తిప్పుతూనే ఉంది. "నీకేమిటి, చదువుకున్నదానివి. ఎక్కడైనా బతుకుతావు."

కానిషాయ్ కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి ఫోను తీసి, తోడేలు రాసినవన్నీ మొదటి నుంచి చదివింది. పెద్దాయన దయ. పెద్దాయన చలవ. పెద్దాయన చల్లగా ఉండాలి.

ఆరు నెలల్లో తోడేలు కూడా ఒక్కసారైనా ఆ పేరు రాయలేదు.